చేతులు కాదు, చెయ్యి

నేను కొవ్వూరులో ఒక డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్ళ పైన తెలుగు చెప్పాను. కాపురం రాజమండ్రిలో. రోజూ గోదావరిని రెండుసార్లు దాటేదాన్ని, ఎక్కువసార్లు బస్సులో నిలబడి. ఏ సంవత్సరం ఏ స్కేలులోకి వెళ్ళానో సర్వీసు రిజిస్టరులో ఉంటుంది. అది తెలుసుకోవాలని ఇంతవరకు ఎవరూ రిజిస్టరు అడగలేదు కాబట్టి ఇక్కడా రాయను.

ఈమధ్య కొత్తగా లెక్చరరుగా చేరిన ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, పిల్లలకి వ్యాసం రాయడం నేర్పాలంటే ముందు ఏం చెప్పాలండీ?" అని అడిగింది. కవిత్వంలోంచి ఒక పంక్తిని తప్పు లేకుండా ఎత్తి రాయడం చెప్పమన్నాను. ఆ అమ్మాయి, "అది చిన్న విషయం కదండీ, ఆఖర్న చెప్పొచ్చేమో" అంది. ఉద్యోగంలో చేరినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఆ అభిప్రాయం ఎలా పోయిందో చెప్తాను. అందులో నా తప్పు ఉంది. దాన్ని చిన్నది చేసి చెప్పే ఉద్దేశం లేదు.

పేజీ ఎంత?

నేను చేరేనాటికి మా డిపార్ట్‌మెంటు హెడ్ సోమయాజులు గారు. ఆయన ముందు ఎవరైనా ఒక కవితా పంక్తి చదివితే శ్రద్ధగా విని, "బాగుందమ్మా. పేజీ ఎంత?" అనేవారు. చెప్పగలిగితే లేచి బీరువా తీసి ఆ పుస్తకం చూసేవారు. చెప్పలేకపోతే ఆ పంక్తి విననట్టే ఉండేవారు. స్టాఫ్‌రూములో ఆయన ముందు కవిత్వం చదివేవాళ్ళు క్రమంగా తగ్గిపోయారు.

మా ప్రిన్సిపాల్ గారిది ఫిజిక్సు. మంచి మాట ఎక్కడ విన్నా, దాన్ని ఒకే మహాకవి పేరు మీద చెప్పేవారు. ఒకసారి వార్షికోత్సవం అయ్యాక సోమయాజులు గారు ఆయన దగ్గరికి వెళ్ళి, "మీరు చదివిన పంక్తి ఆ కవి రాయలేదండి" అన్నారు. ప్రిన్సిపాల్ గారు ఆలోచించి, "రాసి ఉండాల్సిందండీ" అన్నారు. ఇద్దరూ కలిసి టీ తాగారు. మరుసటి ఏడాది కూడా ప్రిన్సిపాల్ గారు ఆ పంక్తినే ఆ కవి పేరు మీదే చదివారు.

సోమయాజులు గారు నాకు చెప్పిన ఒక్క మాట మాత్రం కొత్తవాళ్ళందరికీ చెప్పాలి. "పద్యంలో ఒక అక్షరం మారితే గణం తప్పుతుంది, యతి చెడుతుంది. తప్పు తనంతట తనే బయటపడుతుంది. వచన కవితకి ఆ కాపలా లేదమ్మా. నువ్వు మాట మార్చినా అది బాగానే వినపడుతుంది. అక్కడ కాపలా ఉండాల్సింది నువ్వే."

నేను తలూపాను. తలూపడం ఈ ఉద్యోగంలో త్వరగా వస్తుంది.

నా వ్యాసం

తొంభైల మొదట్లో ఒక సాహిత్య సంస్థ వాళ్ళు వ్యాస సంకలనం వేస్తూ నన్నూ ఒకటి రాయమన్నారు. ఆధునిక కవిత్వంలో రైతు మీద రాశాను. యూనివర్సిటీ హాస్టల్లో ఉన్న రోజుల్లో స్నేహితురాలి దగ్గర ఒక పల్చటి కవితా సంపుటి చదివాను. రాసినాయన పేరు సత్యం. ఆయన గురించి ఎక్కడా ఎవరూ రాయలేదు. అందులో రెండు పంక్తులు నాకు కంఠతా వచ్చు. కనీసం వచ్చని అనుకున్నాను. వ్యాసంలో ఇలా ఎత్తి రాశాను:

వరద పోయింది. బురద మిగిలింది.
మళ్ళీ దున్నే చేతులు మిగిలాయి.

రాసి ఊరుకోలేదు. ఆ "చేతులు" అన్న బహువచనం మీద పేజీన్నర రాశాను. కవి ఒక రైతు గురించి కాక మొత్తం రైతాంగం గురించి చెబుతున్నాడనీ, ఒంటరి దుఃఖం సామూహిక శ్రమగా మారే క్షణం ఆ "లు" అన్న అక్షరంలోనే ఉందనీ రాశాను. ఆ వాక్యం రాసినప్పుడు పెన్ను పక్కన పెట్టి కాసేపు నన్ను నేను మెచ్చుకున్నాను. పుస్తకం దగ్గర లేదు. స్నేహితురాలు పెళ్ళై వెళ్ళిపోయింది. ఉత్తరం రాసి తెప్పించుకోవచ్చు, రాయలేదు. సోమయాజులు గారికి చూపిస్తే పేజీ అడుగుతారని చూపించలేదు.

సంకలనం వచ్చింది. నలుగురు మెచ్చుకున్నారు. ముఖ్యంగా ఆ పేజీన్నర బాగుందన్నారు. కొన్నాళ్ళకి రాజమండ్రిలో పరీక్షల గైడు ఒకటి వచ్చింది. అందులో ఆ పేజీన్నర యథాతథంగా ఉంది, నా పేరు తప్ప. క్లాసులో కూడా అదే నోట్సుగా రాయించాను. మూడు బ్యాచులు "చేతులు" అని రాసి మార్కులు తెచ్చుకున్నాయి.

దుర్గ పేపరు

నాలుగో బ్యాచులో దుర్గ అనే అమ్మాయి ఉండేది. కొవ్వూరు పిల్లే. మూడో బెంచీలో కూర్చునేది, పిలిస్తే తప్ప మాట్లాడేది కాదు. అర్ధ సంవత్సర పరీక్షలో ఆ అమ్మాయి వ్యాసంలో "దున్నే చెయ్యి మిగిలింది" అని రాసింది. ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన "చేతులు మిగిలాయి" అని దిద్ది, రెండు మార్కులు తీసేశాను. చేతిరాత బాగున్న పేపరు, కొంచెం బాధ కూడా అనిపించింది.

పేపర్లు ఇచ్చిన మర్నాడు దుర్గ స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడింది.

"మేడమ్, రావచ్చాండీ?"

"రా. మార్కుల గురించా?"

"మార్కుల గురించి కాదండి." చేతిలో పల్చటి పుస్తకం ఉంది. తెరిచి నా ముందు పెట్టింది. "ఇందులో ఒకటే చెయ్యి ఉందండి."

చూశాను. ఇరవై మూడో పేజీ. "మళ్ళీ దున్నే చెయ్యి మిగిలింది." అచ్చు కొంచెం చెదిరి ఉంది కానీ చదవడానికి ఇబ్బంది లేదు.

"నీకీ పుస్తకం ఎక్కడిది?"

"సత్యం గారు మా మావయ్యండి. అమ్మ వాళ్ళన్నయ్య. సామర్లకోట దగ్గర ఉంటారు." పేజీలో ఆ మాట మీద వేలు పెట్టింది. "ఆ చెయ్యి మా తాతయ్యదండి. బెల్లం గానుగలో పడి ఎడం చెయ్యి పోయింది. ఉన్నది ఒకటేనండి."

మిగతాదీ ఆ అమ్మాయే చెప్పింది. పోయిన ఉగాదికి సత్యం గారి ఊరి లైబ్రరీలో ఆయనకి సన్మానం చేశారట. పట్నం నుంచి వచ్చిన వక్త సంకలనంలోని నా వ్యాసం పట్టుకొచ్చి, అందులోంచే ఆ పంక్తులు చదివి, సామూహిక శ్రమ గురించి అరగంట మాట్లాడారట. ముందు వరసలో తాతయ్య ఉన్నారు. ఆయనకి చదువు రాదు. ఆ కవిత తన గురించేనని కొడుకు ఎప్పుడో చెప్పాడు. ఇంటికి వెళ్ళాక కొడుకుని అడిగారట, "నాకు రెండో చెయ్యి ఎప్పుడు మొలిచిందిరా?" అని.

"మావయ్య ఏమన్నారు?"

"పెద్దవాళ్ళు రాశారు నాన్నా, ఏదో కారణం ఉండే ఉంటుంది అన్నారండి. తాతయ్య ఇంకేం అడగలేదు. ఇదివరకు వచ్చినవాళ్ళందరికీ ఆ కవిత సంగతి చెప్పేవారండి. ఇప్పుడు చెప్పట్లేదు."

వారం రోజులు

తప్పు అని వెంటనే ఒప్పుకున్నానని రాస్తే చదవడానికి బాగుంటుంది. ఒప్పుకోలేదు. "కవులు తర్వాత మార్చుకుంటూ ఉంటారమ్మా. ఇంకో ముద్రణలో బహువచనం ఉందేమో చూస్తాను" అన్నాను. ఆ పుస్తకానికి ఇంకో ముద్రణ లేదని నాకు తెలుసు. మొదటి ముద్రణ ప్రతులే అన్నీ ఖర్చయి ఉండవు. దుర్గ "అలాగేనండి" అని పుస్తకం నా బల్ల మీదే వదిలి వెళ్ళింది.

వారం రోజులు ఆ పుస్తకం చూడకుండా పక్కన పెట్టుకున్నాను. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి తప్పు కంటే ఆ తప్పు మీద కట్టుకున్న వ్యాఖ్యానం ఎక్కువ ముద్దు. "లు" పోతే పోనీ, ఆ పేజీన్నర పోతుందే అని నా బాధ. ఒక పూట, "చెయ్యి" అన్న ఏకవచనం కూడా మొత్తం రైతాంగానికి ప్రతీకే అని వాదించవచ్చా అని కూడా ఆలోచించాను. వాదించవచ్చు. అందుకే భయం వేసింది. ఏ మాట ఉన్నా అదే వ్యాఖ్యానం చేయగలిగితే, నేను చదువుతున్నది కవిత కాదన్నమాట.

చివరికి సోమయాజులు గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఈసారి ఆయన పేజీ అడగలేదు. "క్లాసులో చెప్పావా?" అన్నారు.

"లేదండి."

"ఆ అమ్మాయికి చెప్పడం తేలిక. క్లాసులో చెప్పు."

చెప్పాను. మీకు ఇప్పటిదాకా చెప్పిన పాఠం తప్పు, దుర్గ రాసింది ఒప్పు అని బోర్డు మీద రెండు పంక్తులూ రాశాను. వెనక నుంచి ఒకతను లేచి, "పరీక్షకి ఏది రాయాలండీ?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. యూనివర్సిటీ పరీక్షలో పేపరు దిద్దేవాళ్ళు గైడు చూసి దిద్దితే ఒప్పు రాసినవాళ్ళకే మార్కులు పోతాయి. ఒప్పే రాయండి, మార్కులు పోతే నన్ను తిట్టుకోండి అన్నాను. ఎంతమంది ఒప్పు రాశారో నాకు తెలియదు.

దిద్దుబాటు

సంకలనం సంపాదకుడి దగ్గరికి వెళ్ళాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, "ఒక్క అక్షరానికి ఎవరు చూస్తారండీ" అన్నారు. సవరణ చీటీ టైపు చేయించి జిరాక్సు తీయించాను. కొవ్వూరు, రాజమండ్రి, పిఠాపురం లైబ్రరీల్లో దొరికిన ప్రతులన్నిటిలో, లైబ్రేరియన్ల అనుమతితో, ఆ పేజీకి అతికించాను. పిఠాపురంలో లైబ్రేరియన్ గారు జిగురు సీసా ఇస్తూ, "మీ పుస్తకానికి మీరే అతికిస్తున్నారేంటండీ, చదివినవాళ్ళు ఎవరూ చెప్పలేదా?" అని అడిగారు. ఇష్యూ చీటీ తిప్పి చూశాను. ఆ పుస్తకాన్ని ఎవరూ తీసుకెళ్ళలేదు.

గైడు వేసినాయన ఇంకా మర్యాదస్తుడు. నేను సంగతి చెప్పగానే ఆశ్చర్యపోయి, "మీరు రాశారని మేం ఎక్కడా వేయలేదు కదండీ, ఇంక మీకేంటండీ ఇబ్బంది?" అన్నారు. అయినా మారుస్తానని చెప్పి, మాట నిలబెట్టుకున్నారు. తర్వాతి ముద్రణలో "చేతులు మిగిలాయి" తీసి "చెయ్యి మిగిలింది" అని వేశారు. దాని కిందే బహువచనం గొప్పతనం మీద పేజీన్నర అలాగే ఉంచారు. ఏళ్ళ తరబడి పిల్లలు ఏకవచనం రాసి, దాని కింద బహువచనాన్ని మెచ్చుకున్నారు. ఎవరికీ మార్కులు తగ్గినట్టు వినలేదు.

వీర్రాజు గారు

ఇవన్నీ అయ్యాక దుర్గతో, "మీ తాతయ్యగారిని చూడాలి" అన్నాను. ఒక ఆదివారం ఇద్దరం రాజమండ్రిలో ప్యాసింజరు ఎక్కి సామర్లకోటలో దిగాం. అక్కడి నుంచి ఆటో. దారి పొడుగునా చెరుకు. వ్యాసంలో ఆ పేజీన్నర కొట్టేసి కొత్తగా రాసిన ఒక పేజీ నా సంచీలో ఉంది. దాన్ని అరడజను సార్లు రాశాను. మొదటిది ఒక్కసారే రాశాను.

సత్యం గారు రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. నన్ను చూసి ఇబ్బంది పడ్డారు. "మీరు ఇంత దూరం రావడమేంటండీ, నేనే ఒక కార్డు రాయాల్సింది" అన్నారు. నేను ఆయన పంక్తిని పాడు చేస్తే ఆయన నాకు కార్డు రాయలేదని నొచ్చుకుంటున్నారు. కవులు అందరూ ఇలా ఉండరు.

దుర్గ తాతయ్య వీర్రాజు గారు అరుగు మీద కుర్చీలో ఉన్నారు. పొట్టిగా, గట్టిగా ఉన్నారు. చొక్కా ఎడం చెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది. నేను నమస్కారం పెట్టి, "తప్పు నాదండి. పుస్తకం చూడకుండా రాశాను" అన్నాను. ఆయన కూర్చోమన్నారు. కొత్త పేజీ చదివి వినిపించాను. ఒక చేత్తో నాగలి మేడి పట్టడం ఎంత కష్టమో, ఆ ఒక్క మాట ఎందుకు ఏకవచనమో అందులో రాశాను. ఆయన కదలకుండా విన్నారు. మంచినీళ్ళు వచ్చాయి, తాగాం.

"ఒక్క అక్షరం కోసం ఇంత దూరం వచ్చారు కదమ్మా," అన్నారు చివరికి. "అందుకని మీకు చెప్తున్నాను. ఆ ఏడు నేను దున్నలేదు."

సత్యం గారు తలెత్తి చూశారు.

"ఏలేరు పొంగి పొలం మునిగేసరికి నాకు గాయం ఇంకా మానలేదు. మంచం మీద ఉన్నాను. దున్నింది మా ఆవిడ. నూకరత్నం. ఆడది నాగలి పడితే ఊళ్ళో ఊరుకుంటారా? ఊరంతా తీర్థానికి వెళ్ళిన రోజు చూసుకుని దున్నేసింది. వీడు అప్పుడు పిఠాపురం హాస్టల్లో ఉన్నాడు. వచ్చేసరికి పొలం దున్ని ఉంది. నేనే దున్నాననుకున్నాడు. కాదని నేను చెప్పలేదు. మా ఆవిడా చెప్పనివ్వలేదు. తర్వాతి ఏడు నుంచీ నేనే దున్నాననుకోండి. కానీ వరద పోయిన ఏడు నేను కాదు."

నూకరత్నం గారు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. సత్యం గారు, "కవిత మార్చేయమంటారా నాన్నా?" అని అడిగారు.

"నాకేం తెలుసురా. ఈవిడ్ని అడుగు."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను అడిగిన ప్రశ్నల్లో నాకు జవాబు కచ్చితంగా తెలిసినది అదొక్కటే. "మార్చకండి," అన్నాను. "మీరు రాసింది మీరు రాసినట్టే ఉండాలి. ఒక్క అక్షరం కూడా ఎవరూ ముట్టుకోకూడదు. కానీ నేను ఎత్తి రాసినప్పుడు, పేజీ అడుగున నోటు వేస్తాను. ఆమె పేరుతో."

"వేస్తే ఊళ్ళో చదువుతారు కదమ్మా?" అన్నారు వీర్రాజు గారు.

"నా పుస్తకాలు ఎవరూ చదవరండి. పిఠాపురంలో చూశాను."

ఆయన మొదటిసారి నవ్వారు. "అయితే వేయండి," అన్నారు.

అడుగు నోటు

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. పుస్తకం తెరిచి, వేలు పంక్తి మీద పెట్టి, ఒక్కో మాటా చూసి రాసుకోండి. పంక్తి ఎక్కడ విరిగిందో అక్కడే విరవండి. మీరు వదిలేసిన మాట ఉంటే వదిలేసినట్టు చుక్కలు పెట్టండి. ముందు పంక్తీ, తర్వాత పంక్తీ చదివాకే వ్యాఖ్యానం మొదలెట్టండి. కవి తప్పు రాశాడని మీకు తెలిసినా పంక్తిలో చెయ్యి పెట్టకండి. మీకు తెలిసింది కింద రాయండి. జ్ఞాపకం మీద నమ్మకం ఉంటే మంచిదే. ఆ నమ్మకంతో పుస్తకం ఏ బీరువాలో ఉందో గుర్తు తెచ్చుకోండి.

రెండు వేల సంవత్సరం దాటాక నా వ్యాసాలు ఒక పుస్తకంగా వచ్చాయి. అందులో సత్యం గారి రెండు పంక్తులూ ఆయన రాసినట్టే ఉన్నాయి, పేజీ నంబరుతో. అడుగున చిన్న అక్షరాల్లో మూడు వాక్యాలు: ఈ కవితలోని ఏడాది పొలం దున్నింది కవి తల్లి నూకరత్నం. ఊళ్ళో మాట పడకూడదని ఆ సంగతి దాచారు. ఇది కవి తండ్రి వీర్రాజు గారు చెప్పగా విన్నది.

అప్పటికి దుర్గ పిఠాపురంలో తెలుగు టీచరు. పుస్తకం తీసుకుని ఊరు వెళ్ళింది. తర్వాతి వారం ఫోన్ చేసింది.

"తాతయ్య ఇరుగుపొరుగు పెద్దవాళ్ళందర్నీ పిలిపించారండి. మావయ్యని చదవమన్నారు. మావయ్య కవిత మొదలెడితే, అది వాళ్ళకి తెలుసురా, కింద చిన్న అక్షరాలు చదువు అన్నారు."

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏం అనలేదండి. చిట్టెమ్మ అని, తాతయ్య వాళ్ళ పొలంలో మొదట్నుంచీ నాట్లు వేసిన మనిషి. ముసలావిడ. పెరట్లోంచి వచ్చి గుమ్మం పక్కన నిలబడి వింది. అంతా అయ్యాక, 'అయ్యా, ఆ రోజు నేనూ తీర్థానికి వెళ్ళలేదండి. అమ్మగారు మేడి పట్టుకున్నారు, ఎడ్ల ముందు నడిచింది నేనేనండి' అంది. చెప్పొద్దని అమ్మమ్మ ఒట్టు వేయించుకుందట. తాతయ్యకి కూడా తెలియదండి."

నేను ఫోన్ పట్టుకునే నా ప్రతి తెరిచి, నోటు కింద పెన్సిల్‌తో చిట్టెమ్మ పేరు రాశాను. అక్షరాలు సరిగ్గా చెప్పమని అడిగి రాశాను. తర్వాత, తాతయ్యగారు ఏమన్నారని అడిగాను.

"తాతయ్య లేచారండి," అంది దుర్గ. "లేచి లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి, ఆవిడ పక్కన వేశారు. మేం తెస్తామన్నా వినలేదు. ఆవిడ కూర్చునేదాకా తనూ కూర్చోలేదండి."